డేటాబేస్ జవాబివ్వని మధ్యాహ్నం

ఆఫీసు వంటగదిలో ఎవరో పంపరపనస ఒలుస్తున్నారు. తలుపు తీయగానే ఆ పుల్లటి, కాస్త చేదు కలిసిన వాసన ముక్కుకు తగిలింది. సీసాలో నీళ్లు నింపుకోవడానికి వెళ్లినదాన్ని అక్కడే నిలబడిపోయాను. దేవనహళ్ళి వైపు బాగా పండే ఆ పండును ఇక్కడ బెంగళూరులో చకోత అంటారు. దాన్ని మొదటిసారి నాకు ఒలిచి పెట్టింది వసుంధరక్క. హూడిలో నా మొదటి ఉద్యోగంలో మా జట్టుకు పెద్ద ఆవిడే.

నేను వనపర్తి నుంచి వచ్చాను. ఆమెది తరాలుగా బెంగళూరు పేటలో పట్టునూలు అమ్ముకున్న తెలుగు కుటుంబం. ఆమె తెలుగు వింటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఆసుపత్రులకు రక్తదాతలను వెతికిపెట్టే సేవ మాది. నర్సు తెరమీద రక్తం గ్రూపు, ఊరు నొక్కితే మేము రాసిన ఫంక్షన్ అనే చిన్న ప్రోగ్రాం లేచి, క్లౌడ్‌లో ఉన్న డేటాబేస్‌ను అడిగి, దగ్గర్లో ఉన్న దాతల పేర్లు తెచ్చి ఇచ్చేది. చేరిన కొత్తలో ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

“సర్వర్‌లెస్ అంటే సర్వరే లేదని కాదప్పా. దాన్ని చూసుకునే పని మనది కాదు, అంతే. ఎవరన్నా అడిగితే ఫంక్షన్ లేస్తాది. పోయి డేటాబేస్ తలుపు కొడతాది. జవాబు తెచ్చిచ్చి పండుకుంటాది.”

“ఒకేసారి చాలామంది అడిగితే, అక్కా?”

“అన్ని ఫంక్షన్లు లేస్తాయి. అన్నీ పోయి ఆ తలుపే కొడతాయి. లోపల చోటు కొంచెమే ఉండాది. భయమంతా ఆడనే.”

దాతల కోసం కోడులో నేను రాసిన మొదటి ప్రశ్న చూడకముందే ఆమె తెరకు చెయ్యి అడ్డం పెట్టింది. “నోటితో చెప్పు. డేటాబేస్‌ను ఏమని అడుగుతా ఉండావు?” ఓ పాజిటివ్ దాతలందరినీ ఇమ్మని అడుగుతున్నానన్నాను. “అందరినీనా? మైసూరులో ఉండేవాళ్లని కూడానా? పోయిన వారం రక్తమిచ్చి ఇంట్లో పండుకున్నాయన్ని కూడానా?” అంది. అందులో వెక్కిరింపు లేదు. నాతోపాటు తానూ నిజంగా ఆలోచిస్తున్నట్టే అడిగింది. ఆమె దగ్గర తప్పు చేయడానికి నాకెప్పుడూ భయం వేయలేదు. దాచాలని కూడా అనిపించలేదు.

ఆ ఏడు వానాకాలంలో ఊరంతా డెంగీ. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక దేవనహళ్ళి ఆసుపత్రి నుంచి ఒక నర్సు మా ఆఫీసుకు ఫోన్ చేసింది. వసుంధరక్క తీసింది. కన్నడం, తెలుగు కలిపి గట్టిగా మాట్లాడుతోంది. కాన్పయిన ఒకామెకు రక్తస్రావం ఆగడం లేదు. ఓ నెగటివ్ కావాలి. తెరమీద “దాతలు ఎవరూ లేరు” అని వచ్చింది. దాన్ని నమ్మి, ఆమెను నగరానికి పంపించాలని ఆంబులెన్సు పిలిపించారు.

“మా తమ్ముడిది ఓ నెగటివ్. పోయిన నెల నేనే వాడి పేరు మీదాంట్లో ఎక్కించినాను. వాడు లేడని ఎట్లా చెప్తాది మీది?” అంది నర్సు.

“మీ తమ్ముడికి ఫోన్ చెయ్యమ్మా. బండి కదలనియ్యద్దు. మిగతావాళ్లని నేను చూస్తాను” అని వసుంధరక్క ఫోన్ నా చేతికిచ్చి, కీబోర్డు లాక్కుంది. డెంగీ రోగుల కోసం ఆసుపత్రులన్నీ ఒక్కసారిగా అడగడంతో ఫంక్షన్లు గుంపులుగా లేచి, డేటాబేస్ ఇచ్చే కనెక్షన్లన్నీ పట్టుకున్నాయి. తర్వాత వచ్చినవాటికి లోపలికి చోటు లేదు. చోటు దొరకని ఫంక్షన్ ఆ సంగతి చెప్పకుండా, ఖాళీ జాబితా తెచ్చి ఇచ్చింది. ఊరికే తెరిచి ఉన్న కనెక్షన్లను వసుంధరక్క మూసేసి, తానే నేరుగా అడిగింది. పేర్లు వచ్చాయి. వరసగా ఫోన్లు చేసింది. విమానాశ్రయంలో సామాన్లు మోసే ఒకాయన, “వస్తా ఉండానమ్మా” అని పని మధ్యలోనే బయలుదేరాడు. సాయంత్రానికి తల్లి గండం గడిచిందని నర్సు చెప్పింది. వసుంధరక్క బల్లమీద తల ఆనించింది.

మర్నాడు మా మేనేజరు ఆసుపత్రికి పంపే జవాబు చదివి వినిపించాడు. నెట్‌వర్క్ సమస్య వల్ల అంతరాయం కలిగిందని అందులో ఉంది.

“నెట్‌వర్క్ కాదు. మనం చూడనే లేదు. చూడకుండానే లేరని చెప్పినాము. ఆ కోడు రాసింది నేనే” అంది వసుంధరక్క.

“ఇప్పుడు అంత వివరం ఎందుకు వసుంధరా? ఆమె బాగానే ఉంది కదా.”

“బాగుండాది కాబట్టే పోయి ముఖం చూసి చెప్పగలను.”

ఎవరూ పంపకపోయినా వెళ్లింది. నన్నూ రమ్మంది. వార్డు బయట బెంచీ మీద ఆ బాలింత భర్త కూర్చుని ఉన్నాడు. వసుంధరక్క జరిగిందంతా అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. అతను విని, “మీరు లేరన్నారనే కదా ఆ స్థితిలో దాన్ని బండెక్కించబోయినాము” అన్నాడు. ఆమె “అవునప్పా” అంది. అతను లేచి లోపలికి వెళ్లిపోయాడు. క్షమించాడో లేదో మాకు తెలియదు. గేటు దగ్గర ఆ నర్సు మా చేతిలో ఒక చకోత పెట్టింది. తిరుగు దారిలో కారు ఒక పక్కకు ఆపి, వసుంధరక్క ఆ పండు ఒలిచింది. తొనలు నాకు పెడుతూ, తాను ఒక్కటీ తినలేదు.

ఆ వారమే కొన్ని కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి, ఫంక్షన్లన్నిటికీ వంతులవారీగా ఇచ్చే ఏర్పాటు చేశాము. అయితే ఆమె అంతకంటే ముందు మార్చింది తెరమీది వాక్యం. డేటాబేస్ జవాబివ్వకపోతే “వెతకలేకపోయాము, ఈ నంబరుకు ఫోన్ చేయండి” అని వచ్చేలా చేసింది. మొదట ఆ నంబరు ఆమెదే. అలాంటి వాక్యం చూస్తే ఆసుపత్రులకు మన మీద నమ్మకం పోతుందని పైవాళ్లు గొణిగారు. ఆమె వినలేదు. ఆ ఏడు ఆమెకు రావలసిన పదోన్నతి రాలేదు. తర్వాత కొన్నాళ్లకు వేరే కంపెనీకి వెళ్లిపోయింది. వెళ్లేరోజు కూడా పెద్ద మాటలేమీ చెప్పలేదు. నా కుర్చీ వెనుక నిలబడి కాసేపు నా కోడు చదివి, భుజం తట్టి వెళ్లింది.

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. వాళ్ల కోడు నా దగ్గరికి వస్తే, అన్నీ సవ్యంగా జరిగే దారిని తర్వాత చూస్తాను. జవాబు రాకపోతే ఏం చెబుతున్నారో ముందు చూస్తాను. లేదనడం వేరు, తెలియదనడం వేరు. ఆ తేడా ఆఫీసు దాటి నా ఇంట్లోకి కూడా వచ్చింది. మొన్న మా సొంత అక్కకు ఆసుపత్రిలో ఏవో పరీక్షలు చేశారు, ఫలితాలు ఇంకా రాలేదు. వర్తూరులో నాతో ఉండే అమ్మ, నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, “ఏం లేదు కదా?” అని అడిగింది. ఏం లేదమ్మా అనేస్తే ఆ పూటకు హాయిగా అన్నం తినేది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది కూడా.

“ఇంకా తెలియదమ్మా” అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత నెమ్మదిగా కూర్చుని, పక్కన నాకు చోటిచ్చింది.