రా అనండి

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డిగ్రీ రెండో ఏడు సెలవుల్లో నన్ను నలుగురు మగపిల్లలు "ఒరేయ్" అని పిలిచేవారు. నాకు ఆ పిలుపు ఎంతో ఇష్టంగా ఉండేది.

మాది జగ్గయ్యపేట. చుట్టాలొస్తే వంటగదిలోకి, వాళ్ళు వంటగదిలోకొస్తే పెరట్లోకి పోయే రకాన్ని నేను. ఆ సెలవుల్లో నందిగామలో బాబాయి నెట్ సెంటరుకి వెళ్ళి బయోడేటాలు, శుభలేఖలు టైపు చేసిపెట్టేదాన్ని. నా కంప్యూటరు కౌంటరు వెనక, ప్లైవుడ్ గోడ అవతల, కర్టెన్ లోపల ఉండేది. ఎవరికీ కనపడకపోవడమే నాకు జీతం.

బయట క్యాబిన్లలో అబ్బాయిలు ఎప్పుడూ ఒకే ఆట ఆడేవారు. అటు ఐదుగురు వీరులు, ఇటు ఐదుగురు. ఎవరి కోట ముందు కూలితే వాళ్ళు ఓడినట్టు. టైపింగు లేనప్పుడు నేనూ లోపల ఒంటరిగా అదే ఆడుకునేదాన్ని. ఒకరోజు వాళ్ళకి మనిషి తక్కువయ్యాడు.

"బాబాయ్, లోపల ఎవడన్నా ఖాళీగా ఉన్నాడా?" అని వాళ్ళ కెప్టెను, మిరపకాయల కొట్టువాళ్ళ అబ్బాయి, కేకేశాడు.

బాబాయి నాకేసి చూసి కన్నుగీటాడు. "ఒకడున్నాడులే. నోట్లో నాలిక లేదు గానీ ఆట వచ్చు."

నేను ఎంచుకున్న వీరుడు ఎవర్నీ కొట్టడు, తనవాళ్ళ గాయాలు మాన్పుతాడు. అందుకని నా పేరు డాక్టరయింది. "ఒరే డాక్టరూ, చస్తన్నా, రారా!" అని ప్లైవుడ్ దబదబ బాదేవారు. వెళ్ళి బతికించేదాన్ని. "బంగారంరా నువ్వు!" అనేవారు. నేనే చస్తే మళ్ళీ లేచేదాకా కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లో ఒళ్ళో పెట్టుకున్న లైబ్రరీ నవల అరపేజీ చదివేదాన్ని. బాగా ఆడిన రోజు నవల ముందుకి కదిలేది కాదు.

అలా పిలిచినంతసేపూ నేను వాళ్ళలో ఒకదాన్ని. ఆడపిల్లనని తెలిస్తే ఆ చోటు పోతుందని భయం. అందుకే వాళ్ళంతా వెళ్ళిపోయాకే కర్టెన్ తీసేదాన్ని.

ఒక ఆదివారం జగ్గయ్యపేట కుర్రాళ్ళు బైకులేసుకుని పందేనికొచ్చారు. మా ఊరివాళ్ళే అయినా నన్ను ఎరగరు. నన్ను ఎరిగినవాళ్ళు మా ఊళ్ళోనే తక్కువ. ఆట మధ్యలో కరెంటు పోయింది. బాబాయి జనరేటరు తాడు లాగుతున్నాడు. "ఒరే డాక్టరూ, ఈసారి నా వెనకాలే ఉండాలి నువ్వు" అంటూ కెప్టెను కర్టెన్ పక్కకి లాగేశాడు.

నేను నవలతో విసురుకుంటున్నాను.

"సారీ అండి" అన్నాడు. "డాక్టరు... బయటికెళ్ళాడాండి?"

నేను మౌస్ పైకెత్తి చూపించాను. అతను బాబాయి వైపు తిరిగాడు. బాబాయి జనరేటరు మీదకి మరీ శ్రద్ధగా వంగిపోయాడు.

ఆట మొదట్నుంచీ మొదలుపెట్టారు. భయపడినంతా అయింది. ప్లైవుడ్ మీద ఒక్క దెబ్బ లేదు. కెప్టెను గొంతు తగ్గించి, "ఏవండీ, మీరు కొంచెం వెనక్కొస్తారా? ఎడంపక్క చెట్లల్లో ఇద్దరు దాక్కున్నారండీ..." అంటున్నాడు. అతని మాట పూర్తయ్యేసరికి నేను చచ్చి, నవల్లో రెండో పేరాలో ఉన్నాను. ఇంకొకడు "మేడమ్ గారూ" అన్నాడు. గారు దాకా వచ్చేలోపు మళ్ళీ చచ్చాను. మా బురుజులు వరసగా కూలుతున్నాయి.

"ఏవండీ ఏంట్రా? ఆటా, కాపరమా?" అని మా ఊరివాళ్ళు ఒకటే నవ్వు.

నవల మూసేశాను. నా గొంతు నాకే కొత్తగా, ప్లైవుడ్ దాటి వెళ్ళింది.

"మీరు అండి అనేలోపు నేను చస్తున్నా. రా అనండి!"

సెంటరంతా గొల్లున నవ్వింది. ప్లైవుడ్ మీద దబ్బున దెబ్బ పడింది.

"ఒరే డాక్టరూ, వెనక్కి రా!"

వచ్చాను.

"ఇప్పుడు పోరా ముందుకి!"

పోయాను. మాకు ఒకే ఒక్క బురుజు మిగిలి ఉండగా వాళ్ళ కోట కూలింది. నవల మళ్ళీ తెరవనేలేదు.

సాయంత్రం చిల్లకల్లు మీదుగా మా ఊరికి పోయే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు కదులుతుండగా కెప్టెను పరిగెత్తుకొచ్చి, ప్లైవుడ్ బాదినట్టే బస్సు రేకు బాదాడు. నా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, పిలుస్తున్నది ఎవర్నా అని మగవాళ్ళ సీట్లవైపు తిరిగి చూశారు.

"ఒరే డాక్టరూ, వచ్చే ఆదివారం రాకపోయావో, చచ్చావన్నమాటే!"