బిడ్డ లేచే ముక్క

మా నాయన పోయాక అక్కాతమ్ముళ్ళం మొదటిసారి తగువు పడింది ఆయన పెద్దకర్మ గురించే. నాటకం పెట్టించాలా, మంచి భోజనం పెట్టాలా అన్నది ఆ తగువు. మా వైపు స్తోమత ఉన్నవాళ్ళు రెండూ పెడతారు. దీపాలు పెట్టే వేళకు ఇంటి ముందు పందిట్లో నాటకం, అది కాగానే విస్తళ్ళు. లేనివాళ్ళు పోయిన మనిషి ఫొటోతో ఒక బ్యానరు కట్టించి, సాంబారన్నం పెట్టి పంపిస్తారు. మేము మధ్యలో ఉన్నాం. తమ్ముడు ఊళ్ళోనే రొయ్యల గుంటలు కౌలుకు చేస్తాడు, ఆ పంటకు రేటు పడిపోయింది. నేను నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. ఇద్దరం కలిపి పోగుచేసింది ఒకదానికి ఎక్కువ, రెండింటికి తక్కువ.

తమ్ముడిది బిర్యానీ పక్షం. "తిన్నోళ్ళు గుర్తు పెట్టుకుంటారక్కా. నాటకం ఎవురు చూస్తారు ఇప్పుడు? అందురూ ఫోన్లు చూసుకుంటా కూచుంటారు" అన్నాడు.

నాది నాటకం పక్షం. మా నాయనకు నాటకాల పిచ్చి. తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఎక్కడ హార్మోనియం మోగినా సైకిలు తీసేవాడు. చిన్నప్పుడు నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. అలాంటి మనిషిని బిర్యానీ ముద్దతో సాగనంపడం నాకు మనసొప్పలేదు, ఆ మాట గట్టిగానే అన్నాను. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి తమ్ముడు మెత్తబడ్డాడు. ముందు రేట్లు కనుక్కుందాం అన్నాడు.

నాటక మేళంలో హార్మోనియం వాయించే పెద్దాయనే బేరాలు మాట్లాడతాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాం. బట్టల కొట్లో చీరలు పరిచినంత ఓపికగా ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. "నాటకం మొత్తం ఆడించుకునే రోజులు పోయినాయమ్మా. ఇప్పుడందురూ సీన్లే అడగతా ఉండారు. నిండుకొలువు సీనంటే మనుషులెక్కువ, కిరీటాలు, పరదాలు, బండి బాడుగ. మీకు తట్టుకోలేని ఖర్చవతాది. కాటిసీనైతే మనుషులు తక్కువ. ఒక కర్ర, ఒక కుండ, అంతే సామాను."

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న అమ్మ నోరు విప్పింది. నాయన పోయిన దగ్గర్నుంచి ఆమె మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "కాటిసీనే చెప్పు" అంది. "చివర్లో బిడ్డ లేచే ముక్క మాత్రం వద్దను" అంది.

ఆ సీను మా వైపు చూడనివాళ్ళు ఉండరు. ఒక తల్లి చచ్చిపోయిన కొడుకును ఎత్తుకుని కాటికి వస్తుంది. సుంకం కట్టందే ఒప్పుకోనంటాడు కాటికాపరి. ఆమె దగ్గర ఏమీ ఉండదు, పద్యాల మీద పద్యాలు పాడి ఏడుస్తుంది. చివరికి దేవుళ్ళు దిగివస్తారు, బిడ్డ లేచి కూర్చుంటాడు, జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు పోతారు. ఆ చివరి ముక్క కోసమే అంతసేపు ఏడుపును భరిస్తారు.

ఫోన్లో పెద్దాయన గొంతు తగ్గించి, "ఆ ముక్క లేకుండా ఎవురూ ఆడించుకోరమ్మా. ఇంటికి మంచిది కాదంటారు" అన్నాడు.

మా తమ్ముడు వెంటనే, "దేవుళ్ళ వేషాలు లేకపోతే ఇంకెంత తగ్గుతుందన్నా?" అని అడిగాడు. బాగానే తగ్గింది. తగ్గిన దాంతో చేపల పులుసు, వంకాయ కూర, పెరుగు, ఒక స్వీటు కుదిరాయి. బియ్యం మాత్రం కొనేపని లేదు, ఇంట్లో ఉన్న గింజలు సరిగ్గా సరిపోతాయి. నాటకమూ వచ్చింది, భోజనమూ వచ్చింది. వాడి ముఖం వెలిగిపోయింది.

నాకు మాత్రం అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. నాటకాలంటే ప్రాణమిచ్చే మా నాయన కాటిసీను మొదలయ్యేసరికి లేచి పోయేవాడు. తువ్వాలు నా ఒళ్ళో పడేసి, "ఈడే కూచో, బీడీ తాగొస్తా" అనేవాడు. ఎంత పేరున్న మేళమైనా సరే, అంతే. బిడ్డ లేచి కూర్చున్నాక, ఆ చప్పట్లు విని, చీకట్లోంచి తిరిగొచ్చేవాడు.

"నాయనకు ఆ సీను పడదు కదమ్మా" అన్నాను.

"తెలుసు. ఇప్పుడాయన లేడు గదా" అంది అమ్మ. ఆ మాటలో కోపం లేదు, దుఃఖం లేదు. కోపంగా అని ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు.

పెద్దకర్మ దగ్గర పడ్డాక హార్మోనియం పెద్దాయన మళ్ళీ ఫోన్ చేశాడు. "సామానంతా మేమే తెస్తాం తల్లీ. బిడ్డను మాత్రం మీరే కట్టి పెట్టాల. దాన్ని మేము బండిలో తీసకరాం, తీసకపోం. దిండు చుట్టి గుడ్డ కట్టినా చాలు. సీను అయిన వెంటనే, విస్తళ్ళు వెయ్యకముందే ఆ కట్టు విప్పేసెయ్యండి. కట్టుండగా ఎవురూ అన్నం ముట్టకూడదు."

నేను నవ్వేసి ఊరుకుందామనుకున్నాను. నవ్వు రాలేదు. అమ్మకు చెబితే, "నేను కడతాలే" అంది.

పెద్దకర్మకు ముందురోజు మధ్యాహ్నం నేను వసారాలో నడుం వాల్చాను. మామూలుగా మా ఇంట్లో ఏరేటర్ల మోత ఆగదు. రొయ్యల గుంటల్లో నీళ్ళను చిలికే ఆ మరలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. మేము ఆ చప్పుడులోనే మాట్లాడుకుంటాం, అందులోనే నిద్రపోతాం. రొయ్యల పట్టుబడి అయిపోయి గుంటలు ఎండగట్టడంతో ఇప్పుడు మరలన్నీ ఆపేశారు. ఇంటి చుట్టూ బురద వాసన తప్ప ఏమీ లేదు. సరుగుడు తోపు అవతలి సముద్రం పక్క గదిలో ఉన్నంత దగ్గరగా వినపడుతోంది.

ఆ నిశ్శబ్దంలో లోపలి గదిలో ఏదో జారిన చప్పుడు వినపడింది. సన్నగా, ఇసక పోసినట్టు. ఆగింది. బట్ట రాసుకున్న చప్పుడు. మళ్ళీ జారింది. తర్వాత అమ్మ గొంతు, ఎవరితోనో చెబుతున్నట్టు, "ఇంకొంచెం" అంది. కాసేపటికి, "ఊహూఁ, ఎక్కువైంది" అంది. తలుపు చేరవేసి ఉంది. లేచి తోసి చూడొచ్చు. నేను లేవలేదు. నెల్లూరు బస్సుల్లో సీటు కోసం ఎవరితోనైనా పోట్లాడే మనిషిని, మా ఇంట్లో తలుపు తొయ్యడానికి నాకు చేతులు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటమాస్టరు వచ్చి బియ్యం తగ్గాయన్నాడు. మేము చెప్పిన కొలత లేదన్నాడు. కొలిచి పెట్టింది అమ్మ, కాబట్టి తప్పు ఆయనదే అయ్యుండాలని నేను ఆయన మీద లేచాను. పాపం, ఆయన మళ్ళీ కొలిచి చూపించాడు. నిజంగానే తగ్గాయి. అమ్మ వాకిట్లోంచే, "ఉన్నవాటితో మొదలు పెట్టు. మిగతాయి చీకటి పడినాక ఇస్తాను" అంది.

చీకటి పడింది. ఆడమనిషి వేషం కట్టేది నిజంగా ఆడమనిషే, నా ఈడుది. పందిరి వెనక జుట్టు విరబోసుకుని, నుదుటి బొట్టు తుడుచుకుని సిద్ధంగా ఉంది. అమ్మ కట్టిన మూట అక్కడే చాప మీద ఉంది. పాతబడి పసుపు తిరిగిన తెల్లగుడ్డ. ఆమె అలవాటుగా వంగి మూటను ఎత్తుకుంది, వెంటనే మళ్ళీ కింద పెట్టేసింది.

"అక్కా, ఇందులో ఏం పెట్టినారు?"

"దిండు" అన్నాను. నాకూ అంతకంటే తెలియదు.

"దిండు కాదిది. తల వాలిపోతా ఉండాది" అంది. ఎన్నో ఊళ్ళలో ఎన్నో మూటలు ఎత్తి ఉంటుంది ఆమె. ఇప్పుడు రెండోసారి ఎత్తేటప్పుడు ఒక చెయ్యి మెడ కింద పెట్టి ఎత్తింది. అలా పెట్టిందని ఆమెకు తెలియదు, నాకు కనపడింది.

సీను మొదలైంది. ఆమె మొదటి పద్యం సగంలో ఆగిపోయింది. హార్మోనియం పెద్దాయన ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వాయించి నిలబెట్టాడు. ఫోన్లు చూసుకునేవాళ్ళు తలలెత్తారు. ఆమె ఏడ్చింది. వేషానికి ఏడ్చే ఏడుపు మాకు తెలుసు, ఇది అది కాదు. చేతుల్లో మూట కదిలినప్పుడల్లా తల పక్కకు ఒరిగేది, ఆమె సర్దుకునేది. మా ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మా అమ్మ వైపు చూశారు. వాళ్ళకేదో తెలుసు. నాకు తెలియదు.

కాటికాపరి కర్ర అడ్డం పెట్టి సుంకం అడిగాడు. అప్పుడు అమ్మ లేచింది. నాటకం మధ్యలో లేచి పాడినవాళ్ళకు డబ్బులిచ్చి రావడం మాకు మామూలే కాబట్టి జనం దారిచ్చారు. అమ్మ పాడే ఆమె దగ్గరికి పోలేదు. కాటికాపరి ముందు నిలబడి, కొంగు ముడి విప్పి ఒక నోటు ఆయన చేతిలో పెట్టింది. "అడ్డం పెట్టబాక నాయనా. పోనీ వాణ్ణి" అంది.

నాటకంలో అక్కడ సుంకం కట్టేవాళ్ళు ఎవరూ లేరు. కాటికాపరి మెల్లగా కర్ర దించేశాడు. హార్మోనియం ఆగింది. సీను అక్కడితో అయిపోయింది. చప్పట్లు కొట్టాల్సిన ముక్క మేము కొనుక్కోలేదు, ఎవరూ కొట్టలేదు. అంతమంది జనంలో సముద్రం ఒక్కటే వినపడింది. నేను తెలివితక్కువగా వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాను, చప్పట్లు లేకపోతే నాయన ఎలా తిరిగొస్తాడని.

అమ్మ మూటను తీసుకుని పొయ్యిల దగ్గరికి నడిచింది. నేనూ తమ్ముడూ వెనకే వెళ్ళాం. కట్టు విప్పకముందు దాన్ని నా చేతుల్లో పెట్టింది. "పట్టుకో. నీకంటే ముందోడు" అంది.

నా చెయ్యి దానంతటదే మెడ కిందికి పోయింది.

నేనే ఈ ఇంటికి పెద్దబిడ్డనని అప్పటిదాకా అనుకున్నాను. అమ్మ చెప్పింది కొంచెమే. పుట్టిన మూడో నెలలో జ్వరం. పళ్ళు రాని బిడ్డకు దినం ఉండదన్నారు, ఏడవకూడదన్నారు, ఇంకా పుడతారులే అన్నారు. నాయన ఒక్కడే ఎత్తుకుని తోపు అవతలికి పోయి ఇసకలో పెట్టి వచ్చాడు. ఇంట్లో మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ చోట ఇప్పుడు రొయ్యల గుంటలు తవ్వేశారు.

"వాడు ఎంత బరువుండినాడో మీ నాయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన పోయినాడు. ఇంక నాకొక్కదానికే తెలుసు. నేనూ పోతే వాడు పుట్టినట్టే ఉండదు గదమ్మే" అంది.

నిన్న మధ్యాహ్నం తలుపు వెనక ఆమె కొలిచింది అది. చేతులకు గుర్తున్న బరువు వచ్చేదాకా పోసి, తీసి, మళ్ళీ పోసింది. నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడు నా చేతుల్లోంచి మూట తీసుకున్నాడు. వాడు కూడా మెడ కింద చెయ్యి పెట్టే తీసుకున్నాడు. చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

అమ్మ కట్టు విప్పింది. బియ్యం గిన్నెలో పడ్డాయి. గుడ్డను మాత్రం మడిచి రొంటిన దోపుకుంది. వంటమాస్టరు వెనక్కి తగ్గాడు. "ఇయ్యి వండలేనమ్మా, ఏమనుకోవద్దు" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టలేం. చుట్టూ చేరినవాళ్ళలో కూడా కదిలినవాళ్ళు లేరు.

"వాడి పేరున ఎవురూ ఒక ముద్ద తినలేదు" అంది అమ్మ, ఎవరితోనూ కాదు.

బిర్యానీ కోసం నాతో పోట్లాడిన మా తమ్ముడే బియ్యం కడిగి ఎసట్లో పోశాడు. ఉడికాక మొదటి విస్తరి ముందు తనే కూర్చున్నాడు. పక్కన నేను కూర్చున్నాను. నా అవతల ఆ వేషం కట్టిన ఆమె, జుట్టు ముడి వేసుకుని, పిలవకుండానే వచ్చి కూర్చుంది. ముసలమ్మలు ఒక్కొక్కరే వచ్చారు. అమ్మ అందరికీ తనే వడ్డించింది. చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది, ఎవరూ ఆ మాట అనలేదు. గిన్నె అడుగు దాకా తిన్నాం.

ఇప్పుడు కూడా నెల్లూరులో కొట్టాయన బియ్యం సంచి అందిస్తే నా ఎడమచెయ్యి ముందు పోయి దాని పైభాగం కింద ఆనుతుంది. కింద పట్టుకోవాల అమ్మా, అంటాడు ఆయన. తమ్ముడూ అంతేనట, మేత బస్తా ఎత్తినప్పుడల్లా. ఈ మాట అమ్మకు చెబితే, చాలాకాలం తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఇప్పుడు వాడి బరువు మా ముగ్గురికీ తెలుసు.