మా అక్క ఫోన్ ఎత్తినావిడ

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక చిన్న కథోలిక గుడిలో ఉపదేశిగా చేసేవారు. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే ప్రార్థనకు ఆయన్నే పిలిచేవారు. ఆయన వెళ్లి ప్రార్థన చేసి, తిరిగొస్తూ దారిలో ఆర్‌ఎంపీ డాక్టరు తలుపు తట్టి ఆ ఇంటికి పంపేవారు. "జ్వరానికి జపమాల ఒక్కటే చాలదురా" అనేవారు నాతో. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి నేను.

అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

నేను న్యూజిలాండ్‌కు స్టూడెంట్‌గా వచ్చాను. డిప్లొమా అయ్యాక హామిల్టన్‌లో పాలు పితికే యంత్రాలు రిపేరు చేసే కంపెనీలో పని దొరికింది. రోజంతా వ్యాన్‌లో పశువుల ఫార్ముల మధ్య తిరగడమే ఉద్యోగం. కొన్నేళ్లకు మా అక్క ఫిలోమినా కూడా ఇక్కడికి వచ్చింది. తను నర్సు. పెళ్లి వద్దనుకుంది. ఒక రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం చేస్తూ మాతోనే ఉండేది.

క్రైస్ట్‌చర్చ్ భూకంపం వచ్చిన రెండు మూడేళ్ల తర్వాతి సంగతి. ఒక ఆదివారం గుడిలో పూజ అయ్యాక మోయిరా అనే కివీ ఆవిడ జాంబియా గురించి మాట్లాడింది. రిటైరైన టీచరు. కన్యస్త్రీ కాదు, మామూలు గృహస్థురాలే. భర్త పోయాక అక్కడి ఒక పల్లెకు సేవ చేయడానికి వెళ్లిందట. అక్కడ ఒక నర్సు కావాలని చెప్పింది. ఇంటికొచ్చాక అక్క అన్నం తిని చేయి కడుక్కుంటూ, "నేను వెళ్తానురా శౌరీ" అంది. మా ఆవిడ రోజీ ఏడ్చింది. నేను కోప్పడ్డాను. అక్క వెళ్లింది.

వాళ్లుండే చోట కరెంటు లేదు. రేకుల ఇల్లు, దూరంగా ఒక బోరు, ఇంటి వెనక పెద్ద చెదపుట్ట. ఫోన్‌కు సిగ్నల్ ఆ పుట్ట మీద నిలబడితేనే వచ్చేది. శనివారం సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అక్కడ తెల్లవారేది. అక్క ఫోన్ పట్టుకుని పుట్టెక్కేది. నేను ఇక్కడ పెరట్లో కుర్చీ వేసుకుని మాట్లాడేవాణ్ణి. ఇంటర్నెట్‌లో చవగ్గా ఫోన్ చేసుకునే యాప్ ఒకటి అప్పట్లో అందరం వాడేవాళ్లం.

మిషనరీ జీవితమంటే నేను ఏదేదో ఊహించుకున్నాను. అక్క చెప్పేవన్నీ చిల్లర పనులు. పొద్దున్నే బోరు కొట్టుకుని నీళ్లు మోసుకోవడం. తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో ఒకరు కూర్చుని ఉండటం. ఒకరికి ఉప్పు కావాలి, ఒకరికి జ్వరం మాత్ర, ఒకరికి శవపేటికకు పలకలు. చెట్టు కొమ్మకు కాటా వేలాడదీసి పసిపిల్లల్ని తూచడం. బరువు తగ్గిన పిల్లలకు వేరుశనగ పొడి కలిపి జావ కాచి పోయడం. టీబీ మాత్రలు పట్టుకుని సైకిల్ మీద ఊరూరూ తిరగడం. ఫాదర్‌గారు నెలకోసారి వచ్చేవారు కాబట్టి మిగతా ఆదివారాలు వీళ్లిద్దరే ప్రార్థన నడిపించేవారు. రాత్రిళ్లు దీపం దగ్గర కూర్చుని టీ ఎంత చిక్కగా ఉండాలన్న దాని మీద మోయిరాతో పోట్లాట.

ఇంకా చావులు. వారంలో ఏదో ఒక రోజు చావు ఉండేది. అక్క ప్రతి దానికీ వెళ్లేది.

ఎస్నార్ట్ అనే అమ్మాయి పేరు ప్రతి ఫోన్‌లోనూ వినబడేది. జావ కాచడంలో సాయం చేసేది, ఆ ఊరి మాటలు అక్కకు నేర్పేది. ఇద్దరూ కలిసి మొక్కజొన్నలు దంచేవారట. "నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, అయినా నన్ను తిడుతుందిరా" అని మురిసిపోయేది అక్క. ఆ అమ్మాయికి నెలలు నిండుతున్నాయని కూడా చెప్పింది.

ఒక శనివారం ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. వేరే ఆవిడెవరో ఎత్తింది.

"ఎవులు బాబూ?" అంది.

తెలుగు. అదీ శ్రీకాకుళం వైపు తెలుగు. ఆక్లండ్‌లో చదువుకునేటప్పుడు నా ఫ్లాట్‌లో ఆ జిల్లా కుర్రాడు ఒకడుండేవాడు కాబట్టి ఆ యాస నాకు బాగా తెలుసు. నేను ఫలానా అని చెప్పాను.

"మీ అప్ప నేదు బాబూ. సావింటికెల్లింది. ఆలింట్లో పిల్ల పోనాది. పొద్దుగూకీసరికి వచ్చెస్తాది."

అప్ప అంటే వాళ్ల భాషలో అక్క. గొంతు వయసు మళ్లిన గొంతు, నెమ్మదిగా ఉంది. వెనకాల కోళ్ల చప్పుడు కూడా వినిపించింది. ఎవరో తెలుగు సిస్టర్‌గారు చూడ్డానికి వచ్చి ఉంటారనుకుని పెట్టేశాను. అందులో నాకు వింతేమీ అనిపించలేదు. మన కన్యస్త్రీలు ఆఫ్రికాలో ఎంతమంది లేరు!

పై వారం అక్కను అడిగాను. "ఇక్కడ తెలుగు మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నేరా" అంది. చావుకు వెళ్లిన మాట నిజమేనట. పోయింది చిన్నపిల్లేనట. కానీ ఫోన్ తన భుజాన సంచిలోనే ఉందట, అసలు మోగనే లేదట. తర్వాత, "చవక ఫోన్లు కదా, లైన్లు కలిసిపోయుంటాయి" అంది అక్క. నేనూ సరే అన్నాను.

తర్వాత అక్కడ వానలు మొదలయ్యాయి. మాకిక్కడ ఎండాకాలం. ఆ శనివారం సాయంత్రం ఎండ ఇంకా తెల్లగా ఉంది. పక్కింటివాళ్లు గడ్డి కోస్తున్నారు. రోజీ బట్టలు మడతపెడుతోంది. నేను ఫోన్ చేశాను.

మళ్లీ ఆ గొంతే. ఈసారి నా పేరు అడగలేదు.

"మీ అప్పకి ఒల్లు కాలిపోతంది బాబూ. నిన్నటేల నుంచి లెగనేదు. నీల్లు కూడా పుచ్చుకోనేదు. ఇంట్లో ఎవులూ నేరు. ఎవులికైనా సెప్పి బండి పంపించు."

"మీరెవరండీ?" అన్నాను.

"నానెవుర్నయితే ఏటి? ముందా పని సూడు."

లైన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

నేను రోజీ వైపు చూశాను. స్పీకర్ పెట్టి ఉండటంతో తనూ విన్నది. "ఎవరైతే మనకెందుకు, ముందు వాళ్ల ఆఫీసుకు చెప్పండి" అంది. అక్కను పంపిన సంస్థ మనిషి ఒకావిడ ఆక్లండ్‌లో ఉండేది. ఆవిడకు ఫోన్ చేసి, అక్కకు ప్రాణం మీదికొచ్చిందని చెప్పాను. ఎవరు చెప్పారని అడిగితే, పొరుగున ఉండే ఆవిడ అన్నాను. ఆవిడ వెంటనే జాంబియాలో ఫాదర్‌గారికి ఫోన్ చేసింది. ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఉన్నది ఆయన జీపు ఒక్కటే.

ఫాదర్‌గారు వెళ్లేసరికి తలుపు దగ్గరగా వేసి ఉందట. అక్క నేల మీద స్పృహ లేకుండా పడి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. మెదడుకెక్కిన మలేరియా. సాయంత్రం దాకా అలాగే ఉండి ఉంటే బతికేది కాదని ఆస్పత్రిలో అన్నారట.

మర్నాడు మోయిరా నాకు ఫోన్ చేసింది. సామాన్లకని టౌన్‌కు వెళ్లి, ఏరు పొంగడంతో అక్కడే చిక్కుకుపోయిందట. ఏడుస్తూ సారీ చెప్పింది. తర్వాత, "నీకు ఈ కబురు ఎవరు చెప్పారు?" అని అడిగింది. అక్క ఫోన్‌కు చేశానన్నాను.

"ఆ ఫోన్ ఇక్కడ టౌన్‌లోనే ఉంది. బట్టలు నానబెట్టిన బకెట్లో పడి పాడైపోతే రిపేరుకు తెచ్చాను. షాపువాడు దాన్ని విప్పి బల్ల మీద పెట్టాడు. సిమ్ము నా పర్సులో ఉంది" అంది.

నా యాప్ తెరిచి చూశాను. కాల్ కలిసినట్టే ఉంది. అదే నంబరు.

ఆఫీసులో ఒక ఐటీ కుర్రాణ్ణి, వివరాలన్నీ చెప్పకుండా, ఇలా జరుగుతుందా అని అడిగాను. చవక యాప్‌లు కాల్స్‌ను ఎక్కడెక్కడి నుంచో తిప్పుతాయి, ఒక్కోసారి ఇంకెవరికో తగులుతాయి అన్నాడు. అలాగే శ్రీకాకుళంలో ఎవరో ముసలావిడకు తగిలిందనుకుందాం. మా అక్క సంగతి ఆవిడకెలా తెలుసు?

మాకిక్కడ చలికాలం మొదలయ్యే ముందు అక్క తిరిగొచ్చింది. ఆక్లండ్ ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. మనిషి సగమైంది. ఎడమవైపు నుంచి ఏమన్నా పలికేది కాదు. తిండి పెడితే తినేది, లేకపోతే లేదు. మా పాప ఇంగ్లీషులో కబుర్లు చెబుతుంటే వింటున్నట్టు కూర్చునేది, కానీ వినేది కాదు. బతికి వచ్చిందన్న సంతోషం ఇంట్లో మాకే గానీ తనకు లేదు.

ఒక మధ్యాహ్నం చెవి పరీక్షకు తీసుకెళ్లాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది, ఇక రాదు అన్నారు. బయట వాన. కార్ పార్కులో కారెక్కి కూర్చున్నాం. నేను స్టార్ట్ చేయబోతుంటే అక్క నా చేయి పట్టుకుంది.

"నాకు జ్వరమని నీకు ఎవరు చెప్పారురా?"

అంతవరకూ తనకు చెప్పలేదు. మొత్తం చెప్పాను. ఆవిడ అన్న మాటలు అన్నట్టే చెప్పాను. అక్క ముందు అద్దం మీద వాన చూస్తూ విన్నది.

"ఆ జీపు ఎస్నార్ట్ కోసం రావాల్సిందిరా" అంది.

"ఎందుకు?" అన్నాను.

"ముందురోజు నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. వాళ్లవాళ్లు కబురు పెట్టుకున్నారు. ఫాదర్‌గారు పొద్దున్నే బయలుదేరుతుంటే నీ కబురు అందింది. నన్ను ఆస్పత్రిలో దించి వద్దామనుకున్నారు. వాళ్ల ఊరు రెండో దిక్కున. బురద. ఆయన వెళ్లేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. దాన్ని రోడ్డు మీదకు మోసుకొచ్చి, జీపు కోసం చూస్తూ కూర్చున్నారటరా వాళ్ల అమ్మా వాళ్లు."

నేను కారు తాళం బయటికి తీసేశాను.

"నా కోసం ఎవరో పిలిచారు. దానికోసం ఎవరూ పిలవలేదేం?"

"అక్కా, అది మన చేతిలో లేదు" అన్నాను. అదీ ఒక మాటేనా అని నాకే అనిపించింది.

"ఆ నంబరు ఇంకోసారి చెయ్యి" అంది.

"అది ఎప్పుడో పోయిందక్కా."

"చెయ్యి."

చేశాను. ఈ నంబరు వాడుకలో లేదని ఇంగ్లీషులో రికార్డు వచ్చింది. నేను విని, చూశావా అన్నట్టు తనవైపు తిరిగాను. అక్క చేయి చాచి ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఎడమ చెవి దగ్గర.

"ఆ చెవి కాదక్కా" అన్నాను.

మాట్లాడొద్దని చేయి ఎత్తింది. కళ్లు మూసుకుంది. ఎవరైనా దగ్గరగా వచ్చి చెబుతుంటే తల వంచి వింటామే, అలా వింటోంది. వాన కారు కప్పు మీద కొడుతోంది. నాకు ఇంకేమీ వినబడలేదు. కాసేపటికి, "అది నన్నడిగిందా?" అంది అక్క, తెలుగులో. మళ్లీ విన్నది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి గానీ ముఖం కదల్లేదు. చివరికి "ఊఁ" అంది. ఫోన్ నా ఒళ్లో పెట్టింది. స్క్రీన్ మీద కాల్ ఎప్పుడో ముగిసిపోయి ఉంది.

"ఏమందక్కా?"

"పోనియ్. పాపకు స్కూలు వదిలే టైమైంది."

ఆ చలికాలమంతా నేను రెండు మూడుసార్లు అడిగాను. చెప్పలేదు. తర్వాత అడగడం మానేశాను. అక్క మళ్లీ రెస్ట్ హోమ్‌లో పనికి వెళ్తోంది. అన్నం తింటోంది. కానీ ఆ రోజు తర్వాత ఎస్నార్ట్ పేరు తన నోట నేను వినలేదు.

మా నాన్న ఉంటే దీనికి ఏదో ఒక కారణం చెప్పేవారు. జ్వరం మెదడుకెక్కినవాళ్లకు లేనివి వినబడతాయి, అది నిజమే. కానీ నాకు జ్వరం రాలేదు. మొదటి రెండుసార్లూ విన్నది నేను. రెండోసారి రోజీ కూడా విన్నది. ఆవిడెవరో, జాంబియాలో చెదపుట్ట పక్కనున్న ఆ రేకుల ఇంట్లో ఏం చేస్తోందో, ఒక ఇంటి కబురు తెచ్చి ఇంకో ఇంటి కబురు ఎందుకు తేలేదో నాకు తెలియదు.

ఒకవేళ తెచ్చిందేమో. వినేవాళ్లు లేకపోయారేమో. అదీ తెలియదు.