కేబుల్ నా చేతిలోనే ఉంది

దెయ్యాలూ ఆత్మలూ ఉన్నాయంటే నేనెప్పుడూ ఒప్పుకోలేదు. పోయినవాళ్ళు ప్రభువు సన్నిధిలో నిద్రపోతారని చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నాను, అదే నమ్మాను. పైగా బందరులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పదహారేళ్ళుగా పనిచేస్తున్నాను. కనెక్షన్ లేకుండా స్క్రీన్ మీదికి బొమ్మ రాదని తెలిసినవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇంతకాలం ఆగాను.

మా సుగుణక్క వాళ్ళది మొవ్వ. బావ ప్రభుదాసు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి, ఇంట్లోనే ఎడిటింగ్ చేసేవారు. కామెర్లు ముదిరి, ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిదో రోజున పోయారు. శవపేటిక దగ్గర పెట్టడానికి ఫొటో వెతికితే ఆధార్ కార్డు మీదదే దొరికింది. వందల పెళ్ళిళ్ళు తీసిన మనిషి ఒక్క వీడియోలోనూ లేరు. ఎప్పుడూ కెమెరా వెనకే.

"కదులుతూ ఉన్నది ఒక్క ముక్కన్నా లేదురా తమ్ముడూ" అని అక్క ఎన్నిసార్లు అందో.

అక్క ఆయన కంప్యూటర్‌ను పది నెలలు ఎవర్నీ ముట్టనివ్వలేదు. తర్వాత కూతురు షారోన్, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది, నాన్న పని నేను చేస్తానంది. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పాత సిస్టమ్ మీద నడవదు. స్క్రీన్‌కు బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. అక్క చాలా రోజులు తటపటాయించి ఒప్పుకుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త కార్డు పట్టుకుని వెళ్ళాను. షారోన్ పిల్లలకు పాటలు నేర్పుతూ వాళ్ళ ఊరి చర్చిలోనే ఉండిపోయింది. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

సీపీయూ పవర్ వైరు పీకేశాను. మానిటర్ కేబుల్ ఊడదీశాను. స్క్రూ విప్పి పాత కార్డు బయటికి లాగాను. ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము మెత్తలా పేరుకుని ఉంది. మానిటర్ స్విచ్ మాత్రం కట్టేయలేదు, అది ఒప్పుకుంటాను. కానీ అది సిగ్నల్ లేదని చూపించాలి తప్ప ఇంకేమీ చూపించకూడదు.

"తమ్ముడూ" అంది అక్క. ఆ గొంతుకి తలెత్తాను.

స్క్రీన్ మీద బావ ఉన్నారు. అదే గది, అదే కుర్చీ. వెనక కిటికీకి నీలం పూల కర్టెన్. శబ్దం లేదు. ఆయన లేచి కర్టెన్ పక్కకి జరిపారు. వెలుతురు సరిపోయిందో లేదో చూసుకున్నారు. ముందుకు వచ్చి, లెన్స్ తుడిచినట్టు చొక్కా అంచుతో మా వైపు తుడిచారు. ముఖం బాగా దగ్గరికి వచ్చింది. అంతలో స్క్రీన్ నల్లబడిపోయింది. నిమిషం కూడా ఉండదు.

మానిటర్ కేబుల్ నా ఎడమ చేతిలోనే ఉంది.

ఆ కర్టెన్ బావ పోయిన ఆరు నెలలకు అక్క కుట్టించింది.

"ఆ పాతదే మళ్ళీ పెట్టరా, నీకు దణ్ణం పెడతాను" అని అక్క నా భుజం పట్టుకుని ఏడ్చింది. పెట్టాను. మామూలుగానే ఆన్ అయింది. సాయంత్రం దాకా ఒక్కో ఫోల్డరూ తెరిచి చూశాం. ఎవరివో పెళ్ళిళ్ళు, ఎవరివో ఓణీల ఫంక్షన్లు. బావ ఎక్కడా లేరు. చివరికి అక్కే కళ్ళు తుడుచుకుంది.

"కొత్తది పెట్టెయ్. పిల్ల పని ఆగకూడదు" అంది.

ఇప్పుడు షారోన్‌కు గుడివాడ నుంచి కూడా పెళ్ళిళ్ళు వస్తున్నాయి. తెలిసిన ఇంజనీరును అడిగితే, మానిటర్‌లో పాత బొమ్మ నిలిచిపోయి ఉంటుందన్నాడు. నిలిచిపోయిన బొమ్మ లేచి కర్టెన్ జరుపుతుందా?

షారోన్‌కు చెప్పకూడదనుకున్నాం. దాచలేక అక్కే చెప్పేసింది. ఆ పిల్ల నాకు ఫోన్ చేసింది. అదెలా జరిగిందని అడగలేదు.

"మావయ్యా, నాన్న బాగున్నారా?" అంది.

"బాగున్నారమ్మా" అన్నాను. ఆయన ఎలా వచ్చారో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. వచ్చినవారు, రెండు వీధుల అవతల చర్చిలో ఉన్న కూతురు ఇంటికి వచ్చేదాకా ఎందుకు ఆగలేదో అసలే తెలియదు.