ముప్పై తర్వాత

వీధిలో అందరికీ ఆయన టైలరు మాస్టరు. కత్తెర పట్టి పాతికేళ్ళయింది, కొలత తప్పాడని ఎవరూ వేలెత్తి చూపలేదు. నోరు మాత్రం కత్తెర కన్నా ముందు నడుస్తుంది. అవతలివాళ్ళు సగం చెబితే మిగతా సగం తనే చెప్పేస్తాడు.

కూతురి జబ్బుతో ఈ అలవాటు ముదిరింది. ఆ పిల్ల ఏడేళ్ళ దాకా ఒట్టి వాగుడుకాయ. తలలో వెనకవైపు గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. గడ్డ పూర్తిగా పోయింది గానీ, రెండో రోజుకి మాట పడిపోయింది. కొందరు పిల్లలకు ఇలా అవుతుందని డాక్టరు చెప్పాడు. ఆస్పత్రి వరండాలో మేనత్త కళ్ళొత్తుకుంటూ, "ఇంక దీని పని అయిపోయింది" అంది. అక్కగారని కూడా చూడకుండా మాస్టరు ఆమెను చెడామడా తిట్టాడు.

ఐదు నెలలకు మాట వచ్చింది, కానీ ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య బస్సు వెళ్ళేంత ఖాళీ. ఆ ఖాళీలో తండ్రికి ఊపిరాడేది కాదు. "నాన్నా, నాకు..." అనగానే "మంచినీళ్ళా?" అని గ్లాసు అందించేవాడు. దాహం లేకుండా ఆ పిల్ల ఎన్ని గ్లాసులు తాగిందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడామెకు పంతొమ్మిది. గోడ పట్టుకుని నడుస్తుంది. పొద్దున చదివింది సాయంత్రానికి గుర్తుండదు. చెయ్యి గాల్లో ఉంటే వణుకుతుంది, ఒంటికి ఆనిస్తే కుదురుగా నిలుస్తుంది. అందుకే కొట్లో కొలతలు తీస్తానని తనే అడిగింది. తల్లి మాత్రం భయపడింది.

"నలుగురిలో దాన్ని నవ్వులపాలు చేస్తారా? ఒక్క నెల చూస్తాను. ఒక్క తప్పు జరిగినా ఇంట్లోనే ఉంటుంది" అంది.

ఇంకో రెండు రోజుల్లో నెల నిండుతుందనగా లైబ్రరీ మేడం తనకు కుట్టిన కోటు వేసుకుని చూసింది. వాళ్ళమ్మ దాచి ఇచ్చిన గుడ్డ అది, అలాంటిది ఇంకో ముక్క దొరకదు. ఛాతీ దగ్గర బొత్తాలు కలవలేదు. మాస్టరు కొలతలు రాసుకునే పుస్తకంలో ముప్పై అని ఉంది. కుట్టులో వదిలిన గుడ్డతో రెండంగుళాలు పెంచగలడు, అంతకు మించి కుదరదు.

మాస్టరుకి తల కొట్టేసినట్టయింది. "ఏమనుకోకండి మేడం. కొలత మా అమ్మాయి తీసింది. ఆపరేషన్ అయ్యాక దానికి అంకెలు నిలవవు. రేపటి నుంచి రాదులెండి."

కూతురు మెడలోని టేపు తీసి మేడం ఛాతీ చుట్టూ మళ్ళీ ఆనించింది.

"ముప్పై..."

మాస్టరు చేతిలో పెన్సిలు అలవాటుగా కదిలింది. మూడు, సున్నా పడ్డాయి. తలెత్తితే పిల్ల ఇంకా టేపు వైపే చూస్తోంది, పెదవులు కదులుతున్నాయి. వీధిలో బస్సు వెళ్ళింది.

"...నాలుగు."

పెన్సిలు ఆగిపోయింది.

"ఆ రోజూ... ఇదే... చెప్పాను. నువ్వు... కత్తెర దగ్గరికి... వెళ్ళిపోయావు."

మధ్యలో అందించడానికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ బిగువున ఆపుకున్నాడు. ఆమె పూర్తిచేశాక, "ముప్పై అన్నావుగా. అయిపోయిందనుకున్నానమ్మా" అన్నాడు.

అన్నాక గానీ ఆస్పత్రి వరండాలో అక్క అన్న మాట గుర్తు రాలేదు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కూతురు టేపు మెడలో వేసుకుంది. ఈసారి ఎంతసేపైనా ఆయన నోరు విప్పలేదు.

"అయిపోలేదు... నాన్నా."