చేదు చూసిన మనిషి

టైఫాయిడ్ తగ్గి వారమైనా మా ఆవిడ అన్నం ముట్టలేదు. 2011లో ఒక ఉదయం ఉన్నట్టుండి దోసకాయ పప్పు అడిగింది. ఆకుకూరలన్నిటినీ 'ఆకు' అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే పండితుణ్ణి నేను. అయినా రైతు బజారుకు పరుగెత్తి, నున్నగా ఉన్న మూడు కాయలు కొని, నారాయణగూడలో కిక్కిరిసిన బస్సెక్కాను.

సీట్లో ఉన్న ఒక పెద్దావిడ నా సంచిని అందుకుని ఒళ్లో పెట్టుకుంది. ఆమె కాళ్ల దగ్గర, అమ్ముడుపోగా మిగిలిన దోసకాయల గంప ఉంది.

"చేదు చూసినవా బిడ్డా?"

"చూడ్డానికి బాగానే ఉన్నాయి కదమ్మా!"

"చూసుడంటే కండ్లతోటి కాదు, నాల్కతోటి. ఎవలికి?"

మా ఆవిడ జ్వరం సంగతీ, చిక్కడపల్లిలో దిగాలన్న సంగతీ చెప్పాను.

"జ్వరమొచ్చిన నోటికి చేదు పెడ్తవా, ఏం మొగోనివయ్యా!"

చాకు తీసి ఒక్కో కాయకూ చిన్న ముక్క కోసి నమిలింది. మూడోదానికి ముఖం చిట్లించి, దాన్ని తన గంపలో వేసుకుంది. గంపలోంచి ఇంకో కాయ తీసి, రుచి చూసి, నా సంచిలో పెట్టింది. నేనేదో అనబోయాను.

"చిక్కడపల్లి వచ్చింది, దిగు జల్ది."

ఆ మధ్యాహ్నం మా ఆవిడ మారు వడ్డించుకుంది.

"కాయలు భలే ఏరారే!"

నిజం చెప్పబోయాను. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంటోంది. నేనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను.