కరుణమ్మ టీచరు గారి ఎడమచేతి పాఠాలు

మా చిన్నప్పుడు... కంకిపాడు నుంచి ఉయ్యూరు వెళ్ళే దారిలో, చెరుకు తోటల పక్కన మా ఎలిమెంటరీ స్కూలు. ఒకే గది, ఐదు తరగతులు, ఒక్కరే టీచరు. ఆవిడ పేరు కరుణమ్మ గారు. పాఠం చెప్పేదీ ఆవిడే, గంట కొట్టేదీ ఆవిడే, పై ఆఫీసు అడిగిన లెక్కలన్నీ రాసి పంపే గుమాస్తా కూడా ఆవిడే... ఇన్ని ఉద్యోగాలు చేస్తున్నా కాగితాల్లో మాత్రం ఆవిడ టెంపరరీ.

ఆ పై ఆఫీసుకి కాగితాల ఆకలి జాస్తి. ఎందరు వచ్చారు, ఎందరు మానేశారు, ఎన్ని పలకలు పగిలాయి... అన్నీ రాసి పంపాలి. ఆవిడ తల వంచుకుని రాస్తూ కూర్చుంటే మేం ఊరుకునే రకమా? ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లన్నీ బడి ముందు నుంచే పోయేవి. వెనక నుంచి గడ లాగడంలో మావాళ్ళ పనితనం... అది మొదలుపెడితే పొద్దుగూకిపోతుంది. నాకు ఇప్పటికీ కొన్న చెరుకు తియ్యగా అనిపించదు, అంతవరకు చెప్పి వదిలేస్తాను.

అందుకని టీచరు గారు ఒక పద్ధతి పెట్టారు. కుడిచెయ్యి రాతపనికి, ఎడమచెయ్యి మాకు. డస్టరు బల్ల మీద కొడితే ఒకటో తరగతి పలకలు తియ్యాలి. తాళాల గుత్తి గలగలమంటే రెండో తరగతి ఎక్కాలు అందుకోవాలి. బెత్తం కిటికీ ఊచల మీద జర్రున గీస్తే మూడు, నాలుగు తరగతులు ఒకరు నల్లబల్ల దగ్గరికి, ఒకరు పుస్తకాల్లోకి మారిపోవాలి. చిటిక వేస్తే ఐదో తరగతి వాళ్ళం లేచి చిన్నవాళ్ళ పక్కన కూర్చుని దిద్దించాలి. గ్లాసు కుండ మూత మీద టంగుమంటే అందరికీ మంచినీళ్ళు.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది ఊరంతటికీ ఒకటే బెంగ. ఈసారి ఇన్‌స్పెక్షన్ బాగా జరిగితే ఆవిడకి ఉద్యోగం పర్మినెంటు. జరక్కపోతే వేసవి సెలవులతోనే సెలవు. ఆవిడ గుణదల తిరునాళ్ళకి బయలుదేరుతుంటే, మేరీమాతకి తన పేరున కూడా మొక్కమని మా అమ్మ కొబ్బరికాయ ఇచ్చి పంపింది. రోజూ భగవద్గీత చదువుకునే మనిషి మా అమ్మ... ఉద్యోగం విషయంలో మాత్రం ఏ దేవుణ్ణీ వదలదలుచుకోలేదు.

టీచరు గారు మొక్కు తీర్చారు. రాత్రంతా కొండ దగ్గర పాటలు కూడా పాడారు. తిరిగి వచ్చేటప్పటికి గొంతు పూర్తిగా పోయింది. మాట కాదు కదా, గుసగుస కూడా లేదు.

సరిగ్గా ఆ మర్నాడే ఇన్‌స్పెక్టరు గారు దిగారు. చెరుకు బండ్ల వెనక జీపు ఇరుక్కుపోయి, ఎండలో నడిచి వచ్చారేమో, ముఖం అప్పటికే ఎర్రగా ఉంది. కుర్చీలో కూర్చుంటూనే ఏదీ పాఠం చెప్పండి చూద్దామన్నారు. టీచరు గారు గొంతు చూపించి చేతులు జోడించారు. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"గొంతు పోయిందండి సార్. గుణదల ఎళ్ళొచ్చారు," అన్నాడు నా పక్కన కూర్చునే ఖాదరు. వాళ్ళ నాన్న ఊళ్ళో టైలరు. వీడికి భయం అనేది కొలతల్లోనే లేదు.

"మాట లేకుండా ఐదు తరగతులకి పాఠం ఎట్టా చెబుతారయ్యా?"

"రోజూ చెప్పినట్టేనండి," అన్నాడు వాడు.

ఆయన పెన్ను మూత తీశారు. ఏదో రాయబోతున్నారు. టీచరు గారు ఒక్క క్షణం ఆయన వంక చూసి, తన బల్ల దగ్గరికి వెళ్ళి హాజరుపట్టీ తెరిచి రాసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు రాతకోతలేమిటని ఆయన కసిరేలోపే డస్టరు బల్ల మీద పడింది.

ఒకటో తరగతి పలకలు బయటికొచ్చాయి. తాళాలు గలగలమన్నాయి, రెండో తరగతి ఎక్కం అందుకుంది. బెత్తం ఊచల మీద నడిచింది, మూడు, నాలుగు తరగతులు చోట్లు మారాయి. చిటిక వినపడగానే మేం లేచి చిన్నవాళ్ళ దగ్గరికి చేరాం. ఆవిడ తల ఎత్తలేదు, పెన్ను ఆగలేదు. ఇన్‌స్పెక్టరు గారు తన పెన్ను సంగతి మరిచిపోయి గది నాలుగు మూలలకీ తల తిప్పుతున్నారు.

దాహం వేసిందేమో, లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, గ్లాసు మూత మీద టంగున పెట్టారు.

బడి మొత్తం లేచి ఆయన వెనక వరస కట్టింది.

వెనక్కి తిరిగి చూసి ఆయన ఉలిక్కిపడ్డారు. సంగతి అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు. అక్కడితో ఆగారా... డస్టరు తనే తీసుకుని కొట్టి చూశారు, తాళాలు ఊపి చూశారు. ఆయన్ని కూడా మేం టీచరు కిందే లెక్కేశాం, ఒక్క తప్పు పోలేదు.

వెళుతూ గుమ్మంలో ఆగారు.

"పర్మినెంటు చెయ్యమని రాస్తున్నానమ్మా. గొంతొచ్చాక కూడా ఇదే పద్ధతి వదలకండి."

మేం అందరం ఒక్కసారిగా చప్పట్లు కొట్టాం. ఆ చప్పుడుకి ఏం చెయ్యాలో టీచరు గారు మాకు నేర్పలేదు. ఆవిడకీ తెలియలేదు పాపం, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. సాయంత్రానికి కబురు ఊరంతా పాకి, బండివాళ్ళు తమంతట తామే బడి ముందు చెరుకు గడలు దింపి పోయారు. లాగే పని లేకుండా తిన్నది ఆ ఒక్కరోజే!

నా చదువు ఆ ఐదు తరగతులతో సరి. మిగతాదంతా పొట్లాం కాగితాలు చదివి సంపాదించుకున్నదే. ఇప్పుడు మా మనవరాలు విజయవాడలో టీచరు. పిల్లల హాజరు ఫోనులో, వాళ్ళ భోజనం ఫోటో ఫోనులో... అవన్నీ ఎక్కించేసరికి మొదటి పీరియడు అయిపోతోంది తాతయ్యా అంటుంది. బళ్ళకి గదులు పెరిగాయి, ఫ్యాన్లు వచ్చాయి, సంతోషమే... పిల్లల వంక తీరిగ్గా చూసే వేళ మాత్రం టీచర్లకి దొరకడం లేదండీ.

మీకు అక్షరాలు దిద్దించింది ఎవరు? కింద పేరు రాయండి. ఊరు కూడా కలిపి రాయండి... వాళ్ళ మనవలో మునిమనవలో ఎవరో ఒకరు చదవకపోరు.